ఒకే కంప్యూటర్‌లో ఎక్స్‌పీ, 7, ఉబుంటు – డీటీపీ షాపుకు వర్చువల్ మెషిన్లు ఎట్ల పెట్టుకోవాలె?

ఫ్లెక్సీ_నల్లగొండ

నమస్తే అన్నలారా. నల్లగొండల డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ షాపు. పని చేసే సిస్టం ఒకటే: ఐ5 12400, 16 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ మామూలు హార్డ్‌డిస్క్, విండోస్ 11 హోమ్. పక్కన ఒక పాత పెంటియం ఉంది. అండ్ల ఎక్స్‌పీ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్లు. పాత పెండ్లి పత్రికలు, లెటర్‌హెడ్‌లు, బిల్‌బుక్కులు అన్నీ అందులనే తెరుచుకుంటయి. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బినయి, ఎప్పుడు పోతదో తెల్వది.

కావల్సినవి ఇవి. పేజ్‌మేకర్‌కు ఎక్స్‌పీ. డాస్ కాలం నాటి బిల్లింగ్ ప్రోగ్రాం ఒకటుంది, దానికి విండోస్ 7. తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నడు, లైనక్స్ నేర్చుకుంటందుకు ఉబుంటు. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు తెరవనీకె ఇంకొకటి, వైరస్ అసలు సిస్టంకు అంటకుండ.

ఇవన్నీ ఒకే సిస్టంల వర్చువల్ మెషిన్లుగ, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోని నడిచే వేరే కంప్యూటర్లుగ పెట్టాలె. అట్ల నడపనీకె వర్చువల్‌బాక్స్ మంచిదా, వేరేదా? నాలుగు ఒకేసారి తెరవొచ్చా? ర్యామ్ ఎవరికెంత? పాత హార్డ్‌డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు లోపలికి తేవచ్చా? ప్రింట్ ఎట్ల? కరెంటు పోతే ఏమైతది?

—

పాలమూరు_సిస్టమ్స్

అన్నా, నాలుగు అక్కర్లేదు, మూడు చాలు. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను నడపదు, విండోస్ 11లో 32-బిట్ రకమే రాలేదు. మీ బిల్లింగ్ కొత్త సిస్టంలో ఎక్కకపోవడానికి కారణం అదే. 32-బిట్ ఎక్స్‌పీ దాన్ని తేలిగ్గా నడుపుతుంది. పేజ్‌మేకర్, బిల్లింగ్ రెండూ ఒకే ఎక్స్‌పీలో ఉంచి విండోస్ 7 సంగతి వదిలేయండి. ఒక మెషిన్ తగ్గితే ర్యామ్ మిగులుతుంది, లైసెన్స్ తలనొప్పి తగ్గుతుంది.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద వర్చువలైజేషన్ ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉండాలి. లేకపోతే బయోస్‌లో ఆన్ చేయాలి. ఇంటెల్ బోర్డుల్లో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని గానీ వీటీ-ఎక్స్ అని గానీ ఉంటుంది, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్ అంటారు. బయోస్ ముట్టుకునే ముందు ఒక పని తప్పకుండా చేయండి. విండోస్ 11 హోమ్‌లో కూడా డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. అట్లుంటే బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్ సెట్టింగ్ మారిస్తే కొన్ని సిస్టంలు తర్వాతి బూట్‌లో ఆ కీ అడుగుతాయి. అది దొరక్క షాపు బంద్ పెట్టుకునే పరిస్థితి రావొద్దు.

హోమ్ ఎడిషన్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషిన్ ప్రోగ్రాం హైపర్-వీ మేనేజర్ రాదు, కాబట్టి దాని ఊసు వద్దు. షాపుకు వర్చువల్‌బాక్స్ బేస్ ప్యాకేజీ పెట్టుకోండి. అది జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది, వ్యాపారానికి వాడుకున్నా ఇబ్బంది లేదు. అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సంగతి వేరు. సొంత వాడకానికి, చదువుకు, పరీక్షించి చూడడానికి మాత్రమే అది ఉచితం, షాపులో వాడాలంటే కొనాలి. యూట్యూబ్ వీడియోల్లో అందరూ అలవాటుగా అదీ వేస్తుంటారు. వెర్షన్ 7 నుంచి యూఎస్‌బీ 2, 3 కంట్రోలర్లు బేస్ ప్యాకేజీలోనే వచ్చినయి, మీకు దాని అవసరం లేదు.

ఎక్స్‌పీ మెషిన్‌కు సెట్టింగ్‌లు. ర్యామ్ 1024 ఎంబీ. ప్రాసెసర్ ఒక్కటే. రెండిచ్చినా పేజ్‌మేకర్‌కు ఉపయోగం లేదు, పైగా ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఎన్ని ప్రాసెసర్లున్నాయో చూసుకొని దానికి తగ్గ హాల్ ఫైల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడేది) వేసుకుంటుంది, తర్వాత మారిస్తే పేచీ. డిస్క్ 20 జీబీ, డైనమిక్ (వాడినకొద్దీ పెరిగే రకం). డిస్క్ కంట్రోలర్ కచ్చితంగా ఐడీఈ (పాత పద్ధతి), రకం పీఐఐఎక్స్4. కొత్త పద్ధతి సాటా పెడితే ఎక్స్‌పీ సీడీలో దానికి డ్రైవర్ ఉండదు. నెట్‌వర్క్ కార్డ్ పీసీనెట్ ఫాస్ట్ 3, డ్రైవర్ ఎక్స్‌పీలోనే ఉంటుంది. త్రీడీ యాక్సిలరేషన్ ఆఫ్.

ఇన్‌స్టాల్ అయినంక గెస్ట్ అడిషన్స్ (మెషిన్ లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు) వేయండి. అది లేకుంటే స్క్రీన్ చిన్నగా ఇరుక్కుంటుంది, మౌస్ లోపలే చిక్కుతుంది (కుడి కంట్రోల్ నొక్కితే బయటికి వస్తుంది). తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్‌లోకి పోయి కేబుల్ కనెక్టెడ్ టిక్ తీసేయండి. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినయి, దాన్ని ఇంటర్నెట్‌కు చూపించే పని లేదు. ఫైళ్ల రాకపోకలకు షేర్డ్ ఫోల్డర్ వాడండి. అది నెట్‌వర్క్ కార్డ్ మీద ఆధారపడదు, గెస్ట్ అడిషన్స్ దారిలో నడుస్తుంది, కేబుల్ పీకేసినా పనిచేస్తుంది. డీ డ్రైవ్ మొత్తం షేర్ చేయకండి. ఎక్స్‌పీలో ఏదైనా ఫైళ్లు లాక్ చేసే వైరస్ దూరితే షేర్ చేసిన ఫోల్డర్‌లో ఉన్నదంతా దాని చేతికి పోతుంది. ఇచ్చిపుచ్చుకోనీకి ఒక్క ఫోల్డర్ చాలు.

ర్యామ్ లెక్క. విండోస్ 11, ఫొటోషాప్, క్రోమ్ కలిపి మీకు 8 జీబీ వరకు కావాలి. ఎక్స్‌పీకి 1, పెన్‌డ్రైవ్ మెషిన్‌కు 2, ఉబుంటుకు 4. కలిపితే 15, అంటే కాగితం మీద సరిపోతుంది గానీ పెద్ద ఫ్లెక్సీ ఫైల్ తెరిచినప్పుడు ఊపిరాడదు. కాబట్టి ఉబుంటు రాత్రి, ఎక్స్‌పీ పగలు. ఆకుపచ్చ గీత దాటి నారింజ రంగులోకి పోయేదాకా స్లైడర్ జరపకండి. అసలు సిస్టం స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్ వాడుకోవడం) పోతే అన్నీ కలిసి మొరాయిస్తాయి. డబ్బు పెట్టదలిస్తే ముందు రెండో ర్యామ్ స్టిక్ మీద పెట్టండి. అదే స్పీడ్‌ది ఇంకో 16 వేస్తే డ్యూయల్ ఛానల్ కూడా వస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయేవాళ్లుంటే పాత స్టిక్ నంబర్ ఫొటో తీసి పంపండి.

వర్చువల్ డిస్కులు ఎన్‌వీఎంఈ మీదనే ఉండాలి. 1 టీబీ డ్రైవ్ మీద పెడితే ఎంత ర్యామ్ ఇచ్చినా ఎడ్లబండే. ఐఎస్‌ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ సీడీల నకళ్లు), బ్యాకప్‌లు దాని మీద పెట్టుకోండి. ఇంకోటి, మెషిన్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ సింక్ అయ్యే డాక్యుమెంట్స్‌లో ఉండొద్దు. 20 జీబీ ఫైల్ నిమిషానికోసారి మారుతుంటే అది అప్‌లోడ్ చేస్తూనే ఉంటుంది.

—

వీఎం_సూర్యాపేట

పైన చెప్పినవి బాగున్నాయి. వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకొకటి, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో పేరు కూడా చెప్పాల్సింది. బ్రాడ్‌కామ్ కొన్నాక 2024 మేలో సొంత వాడకానికి, అదే ఏడాది నవంబర్‌లో వ్యాపారానికి కూడా ఉచితం చేశారు. షాపులో పెట్టుకోవడానికి లైసెన్స్ అడ్డం లేదు. తెర మీద గ్రాఫిక్స్ వర్చువల్‌బాక్స్ కంటే నున్నగా కదులుతాయి, విండో సైజు మార్చినా సర్దుకుంటుంది. చికాకు డౌన్‌లోడ్‌తోనే. బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంట్ తీయాలి, అడ్రస్ నింపాలి, ఆ పేజీల్లో ఫైల్ ఎక్కడుందో వెతకాలి. వేరే సైట్ల నుంచి మాత్రం దించుకోకండి.

విండోస్ 7 కావాలనే పట్టుబట్టేవాళ్లకు ఒక మాట. వీఎంవేర్ టూల్స్ (గెస్ట్ అడిషన్స్ లాంటివే) కొత్త వెర్షన్లు ఎస్‌హెచ్‌ఏ-2 అనే డిజిటల్ సంతకంతో వస్తాయి. సర్వీస్ ప్యాక్ 1, ఆ పైన కేబీ4474419 అప్‌డేట్ లేకుండా విండోస్ 7 వాటిని గుర్తించదు, డ్రైవర్లు ఎక్కవు. ఇంకా, విండోస్ 7 డిస్క్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. ఇన్‌స్టాల్ సమయంలో మౌస్, కీబోర్డ్ కదలకపోతే మెషిన్ సెట్టింగ్‌లో యూఎస్‌బీ 2 పెట్టండి.

—

వనపర్తి_లైనక్స్

తమ్ముడి ఉబుంటు గురించి, పెన్‌డ్రైవ్ గురించి నేను చెప్తా.

ఉబుంటు 24.04కు 4 జీబీ ర్యామ్, 2 ప్రాసెసర్లు, 25 జీబీ డిస్క్ కనీసం. 40 ఇస్తే నయం, డైనమిక్ కాబట్టి వాడినంతే పెరుగుతుంది. వర్చువల్‌బాక్స్ 7లో కొత్త మెషిన్ చేసేటప్పుడు ఐఎస్‌ఓ ఎంచుకోగానే అన్‌అటెండెడ్ ఇన్‌స్టాల్ అని అదే మొదలుపెట్టేస్తుంది. దాన్ని దాటవేసే టిక్ పెట్టండి. పెట్టకపోతే వీబాక్స్‌యూజర్ అనే పేరుతో అకౌంట్ తయారవుతుంది, దానికి సుడో (అడ్మిన్) హక్కు ఉండదు. దానికి తోడు లొకేల్ (భాష సెట్టింగ్) సరిగ్గా పడక టెర్మినల్ తెరుచుకోదు, ఐకాన్ తిరిగి తిరిగి మాయమైతది. నేర్చుకునే పిల్లలు ఉబుంటే బాగలేదనుకుని వదిలేస్తరు. మామూలుగా చేతితో ఇన్‌స్టాల్ చేస్తే ఈ రెండు తిప్పలూ ఉండవు.

గెస్ట్ అడిషన్స్ వేసే ముందు బిల్డ్-ఎసెన్షియల్, డీకేఎంఎస్, నడుస్తున్న కెర్నల్‌కు (లైనక్స్ మూలభాగం) సరిపోయే హెడర్స్, ఈ మూడు ప్యాకేజీలు వేసుకోవాలి. లేకుంటే మాడ్యూల్ కంపైల్ కాదు. షేర్డ్ ఫోల్డర్ కనిపించి లోపలికి పోనీయకపోతే యూజర్‌ను వీబాక్స్‌ఎస్‌ఎఫ్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. లాగౌట్ చేయక గంటలు గంటలు వెతుకుతుంటరు.

నెట్‌వర్క్ నాట్ (అసలు సిస్టం కనెక్షన్ చాటున నడిచే రకం) మీద వదిలేయండి. లోపల 10.0.2.15 అని అడ్రస్ వస్తుంది, ఇంటర్నెట్ నడుస్తుంది, బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. తమ్ముడు వెబ్ సర్వర్ పెట్టి ఫోన్లో చూడాలంటే బ్రిడ్జ్‌డ్ (మెషిన్ నేరుగా రౌటర్‌కు కలిసే రకం) కావాలి. అది కేబుల్ మీద బాగా పనిచేస్తుంది. వైఫై మీద అయితే కొన్ని రౌటర్లు ఒక కనెక్షన్ వెనక రెండో పరికరాన్ని ఒప్పుకోవు, అడ్రస్ రాదు. అప్పుడు నాట్‌లోనే పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి, కంప్యూటర్ 8080ని లోపలి 80కి కలపండి.

పెన్‌డ్రైవ్ మెషిన్‌కు విండోస్ ఎందుకు? లుబుంటు (ఉబుంటులో తేలిక రకం) వేయండి, 2 జీబీ చాలు. షార్ట్‌కట్ వైరస్ పట్టిన పెన్‌డ్రైవ్‌లో అసలు ఫోల్డర్లు దాగి ఉంటాయి, పైకి షార్ట్‌కట్‌లే కనిపిస్తాయి. లైనక్స్ విండోస్ దాచిన గుర్తును పట్టించుకోదు, అన్నీ చూపిస్తుంది, ఆ షార్ట్‌కట్ నొక్కినా ఏమీ నడవదు. కావల్సిన పీడీఎఫ్, జేపీజీ మాత్రం ఏరుకుని షేర్డ్ ఫోల్డర్‌లో వేసుకోండి. పేరు చివర ఈఎక్స్‌ఈ, ఎల్‌ఎన్‌కే, వీబీఎస్ ఉన్నవి తేవద్దు.

ఇక్కడ ఒక మెలిక. పెన్‌డ్రైవ్ పెట్టగానే ముందు విండోస్ 11 పట్టుకుంటుంది. దాన్ని తప్పించాలంటే యూఎస్‌బీ సెట్టింగ్‌లో ఫిల్టర్ రాయాలి, మెషిన్ ముందే నడుస్తూ ఉండాలి. అన్ని గడులూ ఖాళీగా వదిలిన ఫిల్టర్ కొత్తగా గుచ్చే ఏ పరికరాన్నైనా లాక్కుంటుంది. అది గిరాకీ పెన్‌డ్రైవ్‌లకు పనికొస్తుంది గానీ, ఆ సమయంలో ప్రింటర్ తీసి పెడితే అదీ లోపలికే పోతుంది. కాబట్టి లుబుంటు నడిచేటప్పుడు పెన్‌డ్రైవ్ తప్ప వేరేది గుచ్చకండి. విండోస్‌లో ఆటోప్లే ఆఫ్ చేసి ఉంచడం దీనికి తోడు.

—

ఫ్లెక్సీ_నల్లగొండ

మస్తు చెప్పిన్రు అన్నా. వర్చువల్‌బాక్స్ పెట్టిన. బయోస్‌ల ఆన్ ఉంది. రెండు అడ్డంకులొచ్చినయి.

ఒకటి, ఉబుంటు మస్తు స్లో. మౌస్ జరిపితే రెండు సెకండ్లకు కదులుతది. విండో కింద కుడి పక్క చిప్ బొమ్మకు బదులు ఆకుపచ్చ తాబేలు కనిపిస్తున్నది.

రెండు, పాత పెంటియం హార్డ్‌డిస్క్ తీసి యూఎస్‌బీ కేసుల పెట్టి, డిస్క్2వీహెచ్‌డీ అనే ప్రోగ్రాంతోని ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) చేసిన. ఎక్స్‌పీ మెషిన్‌కు తగిలిస్తే విండోస్ లోగో వచ్చి నీలి తెర, స్టాప్ 7బీ. ఐడీఈనే పెట్టిన, సాటా కాదు.

—

పాలమూరు_సిస్టమ్స్

తాబేలు అంటే వర్చువల్‌బాక్స్‌కు ప్రాసెసర్ నేరుగా చేతికి రాలేదని. వీటీ-ఎక్స్‌ను విండోసే ముందు పట్టుకుంది, వర్చువల్‌బాక్స్ దాని కింద అడిగి అడిగి నడుస్తోంది. హైపర్-వీ మీరు వేయకపోయినా ఆ లోపలి భాగం వేరే దారుల్లో ఆన్ అవుతుంది. విండోస్ సెక్యూరిటీలో డివైజ్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్, అందులో మెమరీ ఇంటిగ్రిటీ. కొత్త సిస్టంలలో ఇది ముందే ఆన్ ఉంటుంది, మీ దగ్గర దొంగ ఇదే కావొచ్చు. తర్వాత విండోస్ ఫీచర్స్ జాబితాలో వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, సాండ్‌బాక్స్ లాంటివి. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వేసి ఉంటే అది కూడా వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ మీదనే నడుస్తుంది. ఉబుంటు మెషిన్ ఉన్నాక డబ్ల్యూఎస్‌ఎల్ ఎందుకు, తీసేయండి.

వీటన్నిటినీ ఆఫ్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్‌ను ఆఫ్ పెట్టండి. తర్వాత రీస్టార్ట్ నొక్కండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు, ఫాస్ట్ స్టార్టప్ వల్ల కెర్నల్ పాత స్థితిలోనే లేస్తుంది. లేచాక సిస్టం ఇన్ఫర్మేషన్ తెరిచి చివరికి రండి. హైపర్‌వైజర్ కనుగొనబడింది అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ లైన్ ఇంకా ఉందంటే ఏదో ఒకటి ఇంకా మిగిలింది. ఆ లైన్ పోతే తాబేలు కూడా పోతుంది.

మెమరీ ఇంటిగ్రిటీ ఆపడం అంటే ఒక రక్షణ తగ్గించుకోవడమే, ఊరికే కాదు. బ్యాంకు పనులు కూడా ఇదే సిస్టంలో చేస్తుంటే, దాన్ని ఆన్‌లోనే ఉంచి ఉబుంటు నిదానాన్ని ఓర్చుకోవడం కూడా సరైన నిర్ణయమే. ఎక్స్‌పీ తేలిక కాబట్టి తాబేలు మీద కూడా పని జరిగిపోతుంది. వీఎంవేర్ కూడా అట్లాంటి స్థితిలో నడుస్తుంది, దానిదీ కొంత వేగం తగ్గుతుంది.

7బీ సంగతి. కంట్రోలర్ సరిగ్గానే పెట్టారు. పాత ఎక్స్‌పీకి ఆ పాత బోర్డు ఐడీఈ చిప్ డ్రైవర్ మాత్రమే తెలుసు, వర్చువల్‌బాక్స్ చూపించే పీఐఐఎక్స్4 చిప్ దాని రిజిస్ట్రీలో లేదు. బూట్ అయ్యే డిస్క్‌నే చదవలేక ఆగిపోతోంది. పెంటియం ఇంకా లేస్తుంటే డిస్క్ తిరిగి అందులో పెట్టి, మెర్జ్‌ఐడీఈ అనే చిన్న రిజిస్ట్రీ ఫైల్ నడిపి, షట్‌డౌన్ చేసి, మళ్లీ ఇమేజ్ తీయండి. మామూలు ఐడీఈ చిప్‌ల పేర్లన్నీ అది ముందే రిజిస్ట్రీలో చేరుస్తుంది. పెంటియం లేవకపోతే ఎక్స్‌పీ సీడీ ఐఎస్‌ఓతో మెషిన్‌ను బూట్ చేసి రిపేర్ ఇన్‌స్టాల్ చేయాలి. మొదటి తెరలో ఆర్ నొక్కితే రికవరీ కన్సోల్ వస్తుంది, మనకు కావల్సింది అది కాదు. ఎంటర్ కొట్టి, ఎఫ్8తో ఒప్పుకొని, పాత విండోస్ కనిపించాక అప్పుడు ఆర్ నొక్కాలి. ప్రోగ్రాములు, ఫాంట్లు అట్లనే ఉంటాయి.

7బీ దాటాక స్టాప్ 7ఈ రావొచ్చు, అందులో ఇంటెల్‌పీపీఎం పేరు కనిపిస్తుంది. అది ఇంటెల్ ప్రాసెసర్ పవర్ డ్రైవర్, వర్చువల్ మెషిన్‌లో దానికి పని లేదు. ఇప్పుడు రికవరీ కన్సోల్‌లోకి పోయి డిజేబుల్ కమాండుతో ఆ సర్వీస్‌ను ఆపండి. ఏజీపీ440 (పాత గ్రాఫిక్స్ పోర్టు డ్రైవర్) దగ్గర ఇరుక్కున్నా ఇదే మందు.

ఈ తతంగమంతా పేజ్‌మేకర్ సీడీ, అను సీడీ రెండూ పోయినవాళ్లకు. సీడీలు ఉంటే కొత్త ఎక్స్‌పీ శుభ్రంగా వేసుకొని, పాత డిస్క్ నుంచి ఫైళ్లు మాత్రం కాపీ చేసుకోవడమే నా సలహా. పాత డ్రైవర్ల చెత్త వెంట రాదు. పేరున్న కంపెనీ సిస్టంతో వచ్చిన ఎక్స్‌పీ అయితే దాని లైసెన్స్ ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, ఇమేజ్ లోపల యాక్టివేషన్ అడుగుతుంది.

—

మిర్యాలగూడ_సర్వీస్

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన దిక్కు ఎండకాలం గాలిదుమారాలకు ఇదే పెద్ద ప్రశ్న.

వర్చువల్ మెషిన్ డిస్క్ అంటే అసలు సిస్టంలో ఒక పెద్ద ఫైల్. కరెంటు పోతే రెండు చోట్ల దెబ్బ. లోపలి విండోస్ సగం రాసి ఆగిపోతుంది, బయటి విండోస్ కూడా ఆ ఫైల్‌ను సగం రాసి ఆగిపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో ప్రతి కంట్రోలర్‌కూ హోస్ట్ ఐ/ఓ క్యాష్ అని ఒక టిక్ ఉంటుంది. సాటాకు అది మామూలుగా ఆఫ్, ఐడీఈకి మామూలుగా ఆన్. ఆన్ ఉంటే లోపలి ఎక్స్‌పీ రాశాననుకున్నది ఇంకా బయటి ర్యామ్‌లోనే ఉండొచ్చు. మీ ఎక్స్‌పీ ఐడీఈ మీద ఉంది కాబట్టి ఆ టిక్ తీసేయండి. కొంచెం వేగం తగ్గుతుంది, ఎన్‌వీఎంఈ మీద తెలియదు.

600 వీఏ యూపీఎస్ ఉంటే కరెంటు పోగానే అందరూ షట్‌డౌన్ కోసం పరుగెత్తుతారు. అంతకన్నా కుడి కంట్రోల్, క్యూ కలిపి నొక్కి సేవ్ ద మెషిన్ స్టేట్ ఎంచుకోండి. ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద రాసి మూసేస్తుంది. 1 జీబీ ఎక్స్‌పీకి కొన్ని సెకండ్లే. కరెంటు వచ్చాక పేజ్‌మేకర్ ఏ పేజీ మీద ఆగిందో అక్కడే లేస్తుంది. పవర్ ఆఫ్ ఎంచుకుంటే వైరు పీకినట్టే, అది వద్దు. సేవ్ స్టేట్‌లో ఉన్నప్పుడు ర్యామ్, కంట్రోలర్ లాంటి సెట్టింగ్‌లు మార్చనీయదు. వర్చువల్‌బాక్స్ వెర్షన్ అప్‌డేట్ చేసే ముందు మాత్రం అన్ని మెషిన్లనూ సరిగ్గా షట్‌డౌన్ చేసి ఉంచండి. పాత వెర్షన్ సేవ్ చేసిన స్థితిని కొత్తది కొన్నిసార్లు తెరవదు, అప్పుడు దాన్ని పారేయడం తప్ప దారి ఉండదు.

స్నాప్‌షాట్‌లను (మెషిన్ అప్పటి స్థితిని గుర్తుపెట్టుకునే సౌకర్యం) బ్యాకప్ అనుకోకండి. స్నాప్‌షాట్ తీసినంక అసలు డిస్క్ ఫైల్ అక్కడికి ఆగిపోతుంది, కొత్త రాతలన్నీ వేరే ఫైల్‌లోకి పోతాయి. అసలు వీడీఐ (వర్చువల్ డిస్క్ ఫైల్) ఒక్కదాన్నే కాపీ చేసుకొని దాచుకుంటే స్నాప్‌షాట్ తీసిన నాటి స్థితే వస్తుంది, తర్వాత చేసిన పత్రికలు అందులో ఉండవు. గొలుసులో ఒక్క ఫైల్ చెడినా తర్వాతవన్నీ పోతాయి. కొత్త డ్రైవర్ వేసే ముందు ఒకటి తీయండి, పని బాగుంటే అదే వారం తీసేయండి. తీసేయడం అంటే రెండు ఫైళ్లను కలపడం, డ్రైవ్‌లో ఖాళీ లేకుంటే మధ్యలో ఆగుతుంది.

బ్యాకప్‌కు మెషిన్ షట్‌డౌన్ చేసి ఎక్స్‌పోర్ట్‌తో ఓవీఏ ఫైల్ (మెషిన్ మొత్తం ఒకే ఫైల్‌గా) చేసి 1 టీబీ డ్రైవ్‌లోకి, ఇంకోటి బయటి డ్రైవ్‌లోకి. బయటి డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేయాలి. అదే సిస్టంలో ఇంకో మెషిన్ కావాలని వీడీఐని కాపీ-పేస్ట్ చేస్తే, ఈ గుర్తింపు నంబర్ ఇప్పటికే ఉందని వర్చువల్‌బాక్స్ ఒప్పుకోదు. క్లోన్ వాడండి.

—

గద్వాల_అక్షరం

ప్రింట్ గురించి. యూఎస్‌బీ ప్రింటర్‌ను ఎక్స్‌పీ లోపలికి లాగొచ్చు గానీ, లాగినంతసేపూ విండోస్ 11కు అది కనిపించదు. మధ్యలో ఎవరో ఆధార్ జిరాక్స్ అంటారు, మళ్లీ విడిపించాలి. పైగా కొత్త ప్రింటర్లకు ఎక్స్‌పీ డ్రైవర్లు రావడం లేదు. పీడీఎఫ్ చేసి బయట ప్రింట్ తీయడమే మేలు. పేజ్‌మేకర్ 7 తో పీడీఎఫ్ తయారుచేసే అక్రోబాట్ డిస్టిలర్ 5 వచ్చింది, సీడీ ఉంటే అది కూడా వేసుకోండి. ఎక్స్‌పోర్ట్‌లో అడోబ్ పీడీఎఫ్ ఎంచుకొని, జాబ్ ఆప్షన్స్‌లో అన్ని ఫాంట్లూ ఎంబెడ్ అయ్యేట్టు (ఫైల్‌లోనే కలిసేట్టు) టిక్ పెట్టి, షేర్డ్ ఫోల్డర్‌లోకి సేవ్ చేయండి. ఎంబెడ్ కాకపోతే బయట అను అక్షరాల స్థానంలో ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. డిస్టిలర్ లేకపోతే ఎక్స్‌పీలో ఉన్న ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ వేసి, పోర్ట్ ఫైల్ అని పెట్టి, వచ్చిన ఫైల్‌ను బయట ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో పీడీఎఫ్ చేసుకోవచ్చు.

క్లిప్‌బోర్డ్ రెండు వైపులా ఆన్ చేసినా పేజ్‌మేకర్‌లోని తెలుగు కాపీ చేసి బయట వాట్సాప్‌లో వేస్తే గజిబిజి వస్తుంది. అది వర్చువల్ మెషిన్ తప్పు కాదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి తేవాలి, వత్తులూ గుణింతాలూ ఒకసారి కంటితో చూసుకోవాలి.

డాంగిల్ (లైసెన్స్ తాళంలా పోర్టుకు గుచ్చే పరికరం) ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఉంటే: యూఎస్‌బీ డాంగిల్ ఫిల్టర్‌తో లోపలికి పోతుంది. పాత ప్రింటర్ పోర్టుకు పెట్టే లావు డాంగిల్ అయితే యూఎస్‌బీ నుంచి మార్చే కేబుల్ కొని లాభం లేదు, ఆ కేబుళ్లు ప్రింటర్‌తో మాట్లాడటానికే చేసినవి.

—

ఫ్లెక్సీ_నల్లగొండ

మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేసి రీస్టార్ట్ కొడితే తాబేలు పోయింది, ఉబుంటు ఇప్పుడు మంచిగ నడుస్తున్నది. పేజ్‌మేకర్, అను సీడీలు దొరికినయి, కొత్త ఎక్స్‌పీనే వేస్తున్న. ఇంకొక్కటి: లుబుంటుల ఒక పెద్ద పెన్‌డ్రైవ్ మొత్తం కాపీ చేసి తర్వాత తీసేసిన. లోపల ఖాళీనే చూపిస్తున్నది గానీ బయట వీడీఐ ఫైల్ 22 జీబీ అట్లనే ఉంది. తగ్గదా?

—

వనపర్తి_లైనక్స్

తనంతట తగ్గదు. డైనమిక్ డిస్క్ పెరగడమే తెలిసినది. లోపల ఫైల్ తీసేస్తే ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే, పాత డేటా అక్కడే ఉంటుంది, వర్చువల్‌బాక్స్‌కు అది ఖాళీయో కాదో తెలియదు. ముందు ఆ చోటును సున్నాలతో నింపాలి. లుబుంటులో జీరోఫ్రీ ప్యాకేజీ వేసి, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో రికవరీ మోడ్‌కు పోయి, రూట్ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే అన్నట్టు మౌంట్ చేసి జీరోఫ్రీ నడపండి. రాసే వీలుతో మౌంట్ అయి ఉంటే అది పని చేయనంటుంది. ఎక్స్‌పీకి అయితే సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఎస్‌డిలీట్‌ను జెడ్ ఆప్షన్‌తో నడపాలి, కొత్త వెర్షన్ ఎక్స్‌పీలో ఎక్కకపోతే పాతది చూసుకోండి. సున్నాలు నింపేటప్పుడు వీడీఐ దాని పూర్తి సైజుదాకా పెరగొచ్చు కాబట్టి ఎన్‌వీఎంఈలో అంత చోటు ఉందో లేదో ముందే చూడండి.

తర్వాత మెషిన్ షట్‌డౌన్ చేసి, బయట కమాండ్ ప్రాంప్ట్‌లో వీబాక్స్‌మేనేజ్ మాడిఫైమీడియం కమాండుకు ఆ ఫైల్ దారి ఇచ్చి, కాంపాక్ట్ ఆప్షన్ పెట్టండి. ఇది వీడీఐ రకం ఫైళ్లకు నడుస్తుంది, వీఎంవేర్ వీఎండీకే మీద నడవదు. స్నాప్‌షాట్‌లు ఉంటే ముందు తీసేయండి, లేకుంటే తగ్గేది ఏమీ కనబడదు. ఇక ముందు గిరాకీ పెన్‌డ్రైవ్‌ను లుబుంటు లోపలికి కాపీ చేసే అలవాటే వద్దు. పెన్‌డ్రైవ్ మీదనే తెరిచి చూసి, కావల్సిన రెండు ఫైళ్లు నేరుగా షేర్డ్ ఫోల్డర్‌కు పంపండి.